బోమి తువ్వాలు కాదు

పదకొండూ ఇరవైకి కాగితం వచ్చింది, సంతకం గీత కింద నా పేరు ముందే అచ్చేసి మరీ, ఒడిల్ మాజెరూస్, డ్యూటీలో ఉన్న ఉపగ్రహ ఇంజనీరు, దాని పైన డైరెక్టరు పాట్రిస్ సంతకం అప్పటికే ఉంది, మనిషి పొట్టి సంతకం పొడుగు, ఇక నాది ఒక్కటి పడితే పన్నెండింటికి జరగవలసింది జరగదు, పడకపోతే జరుగుతుంది, అంటే నేను చెయ్యవలసిందల్లా ఏమీ చెయ్యకపోవడం, ఇరవై ఏడేళ్ళ ఉద్యోగంలో ఇంత తేలికైన పని నాకెవరూ ఇవ్వలేదు, మరి అరచేతులకి ఈ చెమట దేనికో. పక్క కుర్చీలోంచి డెల్ఫీనా కాగితం కేసి ఒకసారి, నా కేసి ఒకసారి చూసి ‘పెట్టేస్తావా?’ అంది, గుసగుసగానే అన్నాననుకుంది, వాళ్ళమ్మ పోర్చుగల్ నుంచి వచ్చి మా వెల్సాంజ్ బడిలో భోజనాలు పెట్టేది, రెండొందల మంది పిల్లల్ని అరిచి కూర్చోబెట్టిన గొంతు, అది వారసత్వంగా దీనికి వచ్చింది, దీని గుసగుస గోడ అవతల కాఫీ మిషను దగ్గరున్న వాళ్ళకి కూడా అందుతుంది. ‘చదవనీ తల్లీ’ అన్నాను. చదవడానికేముంది, నాలుగు వరసలు. ఉపగ్రహాన్ని ఈ రోజు పైకి ఎత్తడం ఆపండి, తూర్పున పదమూడు డిగ్రీల అవతల ఖాళీగా ఉన్న మన చోటికి తరలించండి, అక్కడ తొంభై రోజులు నిలబెట్టండి, ఆ తర్వాత ఎత్తండి, అన్నిటికీ సరిపడా ఇంధనం ఉందని కింద సంతకం చేసినవారు ధ్రువీకరిస్తున్నారు. కింద సంతకం చేసినవారు ఇంకా చెయ్యలేదు. కింద సంతకం చేసినవారికి ఆకలి వేస్తోంది.

పన్నెండింటికి బోమి తన ఆఖరి ప్రయాణానికి కదలాలి. బోమి అంటే మా భాషలో అమ్మమ్మ, కాగితాల్లో దాని పేరు నాలుగో నంబరు, ఈ ముద్దుపేరు డెల్ఫీనా పెట్టిందే, ఏడేళ్ళ కిందట ఇంధనం మిగల్చడానికని దాన్ని ఉత్తరానికీ దక్షిణానికీ దిద్దడం మానేశాం, అప్పట్నుంచీ అది రోజుకోసారి పైకీ కిందకీ ఊగుతూ ఆకాశంలో ఎనిమిది అంకె గీస్తోంది, కిటికీలోంచి చూస్తే కొండంత డిష్ దాని వెనకాలే మెడ ఆడిస్తూ ఉంటుంది, ‘మా అమ్మమ్మ అచ్చం ఇలాగే ఊగుతూ నడిచేది, కానీ ఒక్కనాడు దేనికీ గుద్దుకోలేదు’ అంది డెల్ఫీనా, పేరు అతుక్కుపోయింది. పదిహేనేళ్ళు బతుకుతుందని కట్టారు, పంతొమ్మిదేళ్ళయింది. ముప్ఫై ఆరువేల కిలోమీటర్ల ఎత్తున ఒకే చోట నిలబడి ఉంటుందని అందరూ అంటారు, టీవీ పెట్టుకునేవాళ్ళు కూడా, ఒక్కసారి డిష్ తిప్పి బిగిస్తే మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు కదా. నిలబడి ఉండటమంటే ఏమిటో మాకు తెలుసు. క్షణానికి మూడు కిలోమీటర్లు పరిగెత్తడం, రాత్రీ పగలూ, భూమి తిరిగే తీరుకి ఒక్క అడుగు ఎక్కువా తక్కువా కాకుండా, అప్పుడు కిందనుంచి చూసేవాడికి కదలనట్టు కనపడుతుంది, ఇదే మా అమ్మకి చెప్పాను నా ఉద్యోగం కొత్తలో, మోజెల్ నది ఒడ్డున మా పూటకూటింట్లో ఆమె ఒక చేత్తో చేపలు వేయిస్తూ ఇంకో చేత్తో గ్లాసులు తుడుస్తోంది, వెనక్కి తిరక్కుండానే, ‘ఇందులో వింతేముందే, ముప్ఫై ఏళ్ళుగా నేనూ ఇక్కడే నిలబడి ఉన్నానని మీ నాన్న అనుకుంటున్నాడు’ అంది. ఆ రోజు నుంచీ కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేటప్పుడు బొమ్మలు గియ్యడం మానేశాను, మా అమ్మ మాటే చెప్తాను, ఆడపిల్లలకి వెంటనే అర్థమవుతుంది, మగపిల్లలకి బొమ్మ గియ్యాల్సి వస్తుంది.

పదకొండూ ఇరవై నాలుగు. ఆపాలంటే పావుగంట ముందే ఆపాలి, పన్నెండింటికి ఏం చెయ్యాలో పొద్దునే దాని బుర్రలోకి ఎక్కించేశాం, దించాలంటే వరసగా పదకొండు ఆజ్ఞలు, ఒక్కొక్కటీ అందిందని జవాబు వచ్చాకే ఇంకొకటి. పైగా పదకొండూ ముప్ఫై ఏడుకి సూర్యుడు. ఏటా మార్చి మొదట్లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి, నాలుగైదు రోజులపాటు, సూర్యుడు నడుచుకుంటూ వెళ్ళి సరిగ్గా ఉపగ్రహం వీపు వెనక నిలబడతాడు, ఆ కాసేపూ మా డిష్‌కి ఆయన హోరు తప్ప దాని గొంతు వినపడదు. ఇవాళ తొమ్మిది నిమిషాలు. ఆ తొమ్మిది నిమిషాల్లో ఏ ఆజ్ఞా పంపకూడదని రూలు, అందిందో లేదో తెలియకుండా చెప్పడం చెవిటివాడి ముందు ఉత్తరం చదవడమే కదా. అంటే పాట్రిస్‌కి మిగిలింది పదమూడు నిమిషాలు. నాకు కూడా. బోమి మొదటి మార్చిలో ఇలాగే సూర్యుడు వచ్చినప్పుడు మా అమ్మ చూసే పొద్దున్న సీరియల్లో డాక్టరు పెళ్ళికూతురి చెవిలో ఏదో చెప్పబోతూంటే తెరంతా మంచు కమ్మేసింది, డ్యూటీ గదికి ఫోను, ‘ఒసేయ్, మీరేం చేశారే?’, సూర్యుడు అడ్డొచ్చాడమ్మా అంటే, ‘అయితే ఆయన్ని కాస్త పక్కకి జరగమను, ఆ డాక్టరు మళ్ళీ చెప్పడు’ అంది. చెప్పలేదు కూడా. పోయేదాకా ఆమెకి ఆ సంగతి తెలియలేదు.

తువ్వాలు. ఆ మాట పైకే అన్నట్టున్నాను, డెల్ఫీనా నవ్వింది. సెలవులకి వెళ్ళే మయోర్కా దీవిలో హోటలు ఈతకొలను చుట్టూ తెల్లారకముందే కుర్చీల మీద తువ్వాళ్ళు పరిచి మళ్ళీ వెళ్ళి పడుకునే పెద్దమనుషులుంటారు కదా, ఎనిమిదింటికి పిల్లల్ని తీసుకుని వెళితే మనిషంటూ ఒక్కడూ ఉండడు, కుర్చీలన్నీ నిండిపోయి ఉంటాయి, మా ఆయన ఫెర్నాన్ ఒకసారి ఒక తువ్వాలు మడత పెట్టి పక్కన పెట్టి కూర్చుంటే పెద్ద గొడవ. ఇప్పుడు మా కంపెనీ చెయ్యబోయేది అదే. తూర్పున ఉన్న ఆ చోటు మాదని కాగితం ఉంది, కానీ తొంభై రోజులు అక్కడ ఏదో ఒకటి నిజంగా నిలబడి కనపడకపోతే ఆ కాగితం చెల్లదు, నిలబెట్టాల్సిన కొత్తది ఇంకా కట్టనేలేదు, రెండేళ్ళు పడుతుంది, కాబట్టి ముసలిదాన్ని పరిచి రండి. బోమిలో అద్దెకున్నవాళ్ళు అందరూ ఖాళీ చేశారు, ఆఖరివాళ్ళు మూడు వారాల కిందట, ఉత్తర సముద్రం మీద చేపలు పట్టే పడవలు కొన్ని, అవి వేరే చోటికి మారిపోయాయి. ఎలాగూ ఖాళీగా ఉందిగా అంటాడు పాట్రిస్. ఖాళీగా ఉన్న మనిషిని చూస్తే వీళ్ళకి కళ్ళు మండుతాయి.

అసలు గొడవ బోమి కడుపులో ఎంత మిగిలిందన్నది. ఎవరికీ తెలియదు, అది చెప్తే బయటివాళ్ళు నమ్మరు, ఇన్ని కంప్యూటర్లున్నాయి కదా అంటారు. ఇంట్లో గ్యాస్ సిలిండరయితే ఒక చేత్తో ఎత్తి ఊపి చూస్తాం, బరువే లేని చోట ఊపడానికీ లేదు తూచడానికీ లేదు, ఉన్న కాస్తా తొట్టి గోడలకి అంటుకుని ఉంటుంది, సీసాలో అడుగూ బొడుగూ జామ్‌లాగ. రెండే దారులు. పంతొమ్మిదేళ్ళుగా ఎప్పుడెంత వాడామో తీసేసుకుంటూ రావడం ఒకటి, అలా చూస్తే తొమ్మిది కిలోలు. రెండోది, తొట్టికి కాస్త వేడి తగిలించి ఎంతసేపటికి వేడెక్కుతుందో చూడటం, నిండుగిన్నె నెమ్మదిగా కాగుతుంది, అడుగంటిన గిన్నె చటుక్కున కాగుతుంది, పొయ్యి దగ్గర నిలబడిన ఎవరికైనా తెలిసిన శాస్త్రమే, పోయిన వారం మూడు రోజులు కూర్చుని అలా చూశాను. ఆరున్నర. మూడొందల కిలోమీటర్లు పైకెత్తి, ఎవరి దారికీ అడ్డురాని ఆ శ్మశాన కక్ష్యలో పెట్టాలంటే ఆరు కావాలి. తువ్వాలు పరిచి రావడానికి ఇంకో రెండు. తొమ్మిదిలోంచి రెండు తీస్తే ఏడు, చాలు కదా అని పాట్రిస్. ఆరున్నరలోంచి రెండు తీస్తే ఎంతో రెండో తరగతి పిల్లలు చెప్తారని నేను.

ఫోను మోగింది. ‘చూశావా?’ ‘చూశాను.’ ‘మరి?’ ‘అచ్చు బాగుంది.’ ‘ఒడిల్.’ ‘పాట్రిస్.’ ‘తొంభై రోజులే కదా, ఆ తర్వాత నువ్వన్నట్టే పంపిద్దాం, కావాలంటే పూలగుత్తి పెట్టి మరీ.’ ‘దేంతో పంపిస్తావ్, నువ్వెళ్ళి వెనక నుంచి తోస్తావా?’ ‘తొమ్మిది కిలోలున్నాయి.’ ‘ఆరున్నర.’ ‘నీ వంటింటి లెక్క కాస్త పక్కన పెట్టు.’ ‘పెట్టను. పోయినేడు ఐదో నంబరు తొట్టి ఎప్పుడు ఎండుతుందో వారం తేడాతో చెప్పింది ఈ వంటింటి లెక్కే, దాని మీద నువ్వు పారిస్ వెళ్ళి ఉపన్యాసం ఇచ్చావు, చప్పట్లు కూడా కొట్టారట.’ ‘మీ ఇష్టమండీ, నేనే కిందకి వస్తున్నాను’ అన్నాడు. బెల్జియం మనిషి, రోజూ సరిహద్దు అవతల ఆర్లాన్ నుంచి కారులో వస్తాడు, ఏడేళ్ళుగా ఒకరినొకరం నువ్వు అనే పిలుచుకుంటున్నాం, కోపం వస్తే మాత్రం మర్యాద పెరిగిపోతుంది, మీరు అన్నాడంటే తలుపులు వేసుకోవాలి. ‘ఏమంటాడు?’ అంది డెల్ఫీనా. ‘గౌరవించాడు’ అన్నాను. ‘ఓరి దేవుడా’ అంది.

పదకొండూ ముప్ఫై. నాకు పింఛనుకి పద్దెనిమిది నెలలుంది, ఈ మాట నేను అనుకోకుండానే వచ్చి కూర్చుంది, తీసెయ్యాలని చూస్తే పోదు, దీన్ని కూడా మడత పెట్టి పక్కన పెట్టేవాడుంటే బాగుండును. ఫెర్నాన్‌కి ఏం చెప్పాలి. రైళ్ళు నడిపి రిటైరయిన మనిషి, ఎర్రదీపం ఉంటే ఆగేవాడు, ఆ ఎర్రని ఆకుపచ్చ అనుకోండి సార్ అని ఎవరూ కాగితం తెచ్చి ఇవ్వలేదు, వచ్చి ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు, రాయడానికి బాగుండదు. పొద్దున ఫ్లాస్కులో చిక్కుడుకాయ సూపు పోసి ఇచ్చాడు, నాకంటే బాగా చేస్తాడిప్పుడు, ఈ సంగతి ఆయనకి చెప్పను, చెడిపోతాడు. ఆయన మొదటిసారి నాకు బ్రెట్జెల్ ఇచ్చినప్పుడు నేను ఇదే గదిలో ఉన్నాను, మా వైపు ఉపవాసాల మధ్యలో ఒక ఆదివారం ఉంటుంది, మగవాడు తను మెచ్చిన అమ్మాయికి ఆ తియ్యటి మెలికల రొట్టె ఇస్తాడు, ఆమెకీ ఇష్టమైతే ఈస్టరుకి రంగు వేసిన గుడ్డు తిరిగిస్తుంది, ఫెర్నాన్ తెచ్చింది సైకిలు చక్రమంత ఉంది, గేటు దగ్గర కాపలావాడు లోపలికి రానివ్వడానికి అరగంట ఆలోచించాడు. ఈస్టరుకి నాకు డ్యూటీ. గుడ్డుకి నీలం వేసి, తెల్లారి ఇంటికెళ్తున్న నోర్బెర్ట్ చేతికిచ్చి స్టేషన్లో ఇవ్వమన్నాను, నోర్బెర్ట్ నాకు ఈ పని నేర్పినవాడు, పన్నెండు గంటలు ఏమీ తినకుండా కూర్చున్నాడు పాపం, దారిలో బస్సులో ఒలుచుకుని తినేశాడు. వారం రోజులు ఫెర్నాన్ తనకి గుడ్డు రాలేదనే అనుకున్నాడు, నేను ఆయన మాటే లేదేమిటనుకున్నాను, నోర్బెర్ట్ ఉప్పు లేకపోయినా బాగుందనుకున్నాడు.

నోర్బెర్ట్ ఒకసారి నాకు సంతకం పెట్టకు అన్నాడు. ఇటు పోకూడదు ఆలోచన, పోతోంది, పోనీ. పదిహేడేళ్ళ కిందట మూడో నంబరుకి సరిగ్గా ఇలాంటి కాగితమే వచ్చింది, ఇంకో నాలుగు నెలలు వాడుకుందాం, ఇంధనం ఉంది, సంతకం పెట్టండి. అప్పటి డైరెక్టరు మాటలతో పాటు చాక్లెట్లు కూడా తెచ్చాడు. ఆ ఆదివారం మా పెద్దదానికి చర్చిలో మొదటి ప్రసాదం, తెల్ల గౌనుకి అంచు కుట్టాలి, ఇరవై మంది భోజనానికి వస్తున్నారు, నేను గడియారం చూసుకుని సంతకం పెట్టాను. చాక్లెట్లు తిన్నాను కూడా. నాలుగు నెలల తర్వాత పైకెత్తబోతే తొమ్మిది సెకన్లు దగ్గి ఆగిపోయింది, అంతే, ఇంక దాని దగ్గర ఏమీ లేదు. పట్టు తప్పిన ఉపగ్రహం పడిపోదు, ఎటో పోదు, పోతే బాగుండును. భూమి సరిగ్గా గుండ్రం కాదు, సొట్టలున్న గుమ్మడికాయ, ఆ సొట్టల లాగుడికి అది తూర్పుగా హిందూ మహాసముద్రం మీదున్న ఒక పల్లం వైపు జారుతుంది, పల్లం దాటి అవతలి గట్టు ఎక్కుతుంది, మళ్ళీ ఇటు జారుతుంది, దారి పొడుగునా పనిచేసుకుంటున్న వాళ్ళ ఇళ్ళలోంచి కళ్ళులేని మనిషిలాగ నడుచుకుంటూ. రెండున్నరేళ్ళకోసారి సరిగ్గా తను ఆగిపోయిన చోటికే వస్తుంది. అదే మా చోటు. వచ్చి, వేగం తగ్గి, గుమ్మం ముందు కొన్నాళ్ళు నిలబడి, వెళ్ళిపోతుంది. ఆరుసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ బోమి తన ఇంధనం ఖర్చు పెట్టుకుని పక్కకి తప్పుకుంది, ఆ ఆజ్ఞలు నేనే పంపాను, ఇప్పుడు మిగిలింది తొమ్మిదా ఆరున్నరా అని కొట్టుకుంటున్నామే, ఆ తేడాలో కొంత నా సంతకం ఖరీదు. ఎవరూ నన్నేమీ అనలేదు, లెక్క అలా వచ్చింది, ఎవరు పెట్టినా పెట్టేవారే అన్నారు. నోర్బెర్ట్ పెట్టేవాడు కాదు.

తలుపు తెరుచుకుంది, పదకొండూ ముప్ఫై మూడు, మెట్లు దిగి పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, చేతిలో పెన్ను, నా దగ్గర ఉండదనుకున్నాడో ఏమిటో. ‘మేడమ్ మాజెరూస్’ అన్నాడు. ‘మీరు’ కూడా దాటిపోయింది. ‘నాలుగు నిమిషాలుంది, వాదించే సమయం లేదు, ఆ చోటు పోతే కొత్తదానికి చోటు లేదు, కొత్తది లేకపోతే ఈ గదిలో సగంమందికి పని లేదు, నేను భయపెట్టడానికి చెప్పట్లేదు, డెల్ఫీనాకి ఇద్దరు పిల్లలు.’ ‘నన్నెందుకు లాగుతావ్ మధ్యలోకి’ అంది డెల్ఫీనా స్క్రీను మీంచి కళ్ళు తిప్పకుండా, ‘నా భయం నేను పడగలను.’ అతను అబద్ధం చెప్పడం లేదు, అదే ఇబ్బంది, దొంగ అయితే ఎంత సుఖంగా ఉండేది. ‘అద్దెకి తెచ్చుకోండి’ అన్నాను, ‘తొంభై రోజులకి ఉపగ్రహం అద్దెకిచ్చేవాళ్ళు ముగ్గురున్నారు, నీకూ తెలుసు.’ ‘ఎంతడుగుతారో మీకు తెలుసా?’ ‘తెలుసు. అందుకే కదా ముసలిదాన్ని నిలబెడుతున్నారు.’ ‘తొమ్మిది కిలోలని రికార్డు చెప్తోంది.’ ‘మూడో నంబరుకీ రికార్డు చెప్పింది, పదకొండున్నర.’ ‘మీరు సంతకం పెట్టకపోతే ఈ గదిలో మీకు ఇదే ఆఖరి రోజు కావచ్చు.’ ‘కావచ్చు’ అన్నాను. ఆ మాట ఎంత మామూలుగా వచ్చిందంటే నాకే ఆశ్చర్యం వేసింది, వాన రావచ్చు, బస్సు ఆలస్యం కావచ్చు. పెన్ను నా ముందు పెట్టాడు. నేను దాన్ని చూశాను, అది నన్ను చూసింది. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను, ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకున్నాను, దాని అలవాటు దానికుంటుంది, చెప్పలేం. ‘ముప్ఫై ఆరు’ అంది డెల్ఫీనా. ‘మేడమ్’ అన్నాడు. ‘వినపడింది’ అన్నాను. అతని నుదుటి మీద చెమట కణత దాకా జారింది, జేబురుమాలు ఇద్దామనిపించింది, ఏళ్ళ తరబడి పిల్లల ముక్కులు తుడిచిన చెయ్యి కదా, ఇస్తే కుడిచెయ్యి వదలాలి, ఇవ్వలేదు.

‘సూర్యుడు’ అంది డెల్ఫీనా.

తెర మీద బోమి గొంతు గీసే గీత ముందు వణికింది, తర్వాత గడ్డి మొలిచినట్టు అయింది, తర్వాత అంతా గడ్డే. ఇక ఎవరు సంతకం పెట్టినా పెట్టకపోయినా ఒకటే. పాట్రిస్ నిలబడే ఉన్నాడు. తొమ్మిది నిమిషాలు బోమి ఉందో లేదో తెలియదు, ఉంటుంది, ఎందుకుండదు, వెనక నుంచి సూర్యుడు అరుస్తూంటే తన పని తను చేసుకుంటూ ఉంటుంది, ఏడాదికి రెండుసార్లు నెలన్నర చొప్పున దానికి చీకట్లు కూడా ఉంటాయి, భూమి నీడ మీద పడుతుంది, గంటకి పైగా గడ్డకట్టే చీకటి, బ్యాటరీలతో ఒళ్ళు వెచ్చబెట్టుకుని అవతలికి వచ్చేది, పదకొండో ఏట ఒక బ్యాటరీ పోయింది, ఉన్నదానితోనే వచ్చేది, సూర్యుడి తుఫానుకి ఒక రెక్క బిగుసుకుపోయింది, నెలరోజులు కష్టపడి తిప్పాం, బీమా వాళ్ళు ఫోను చేసి పోయిందా అని ఆశగా అడిగారు, పోలేదండీ అన్నాను, అప్పుడు కూడా ఈ కుర్చీయే. మంచం దిగలేనివాళ్ళకి ఆదివారం పూజలు దాంట్లోంచే వెళ్ళాయి, ఫుట్‌బాల్ ఫైనళ్ళు, మా అమ్మ సీరియల్లో డాక్టరు, పడవల మీద మగాళ్ళు ఇళ్ళకి చేసుకున్న ఫోన్లు, ఒకడు ఉప్పునీళ్ళలో నిలబడి పురిటి గదిలోకి అరిచి ఉంటాడు, వినపడుతోందా, వినపడుతోందా, అంతా పైకి వెళ్ళి కిందకి వచ్చింది, ఒక్క ముక్క కూడా అది తన దగ్గర ఉంచుకోలేదు. ఉంచుకున్నదల్లా ఆ అడుగున ఉన్న ఆరున్నర. అది దానిది. తొమ్మిదయినా దానిదే. నలుగురూ నడిచే దారిలో శవమై ఊగకుండా, తన కాళ్ళ మీద తను నడిచి అవతలికి వెళ్ళడానికి దాచుకున్నది, దాంతో వీళ్ళు కుర్చీ ఆపుకుంటారట. ఆపుకోండి, ఇంకో తువ్వాలు చూసుకోండి, నా చేత మాత్రం పరిపించలేరు, ఒకసారి పరిచాను, అది ఇప్పుడు ఎక్కడో సముద్రం మీద తిరిగి వస్తూ ఉంటుంది, వచ్చే వసంతానికి గుమ్మం ముందుంటుంది, దానికి చెప్పుకోవడానికి నాకు ఒక్క మాటైనా ఉండాలి.

పదకొండూ నలభై ఆరుకి గడ్డి పలచబడింది, గీత వచ్చింది, అన్ని అంకెలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. పన్నెండింటికి ఎవరూ మీట నొక్కలేదు, పొద్దున చెప్పిందే గుర్తు పెట్టుకుని అదే మొదలుపెట్టింది. ఎత్తడం రెండు మండింపులు, ఇప్పుడు ఏడు నిమిషాలు, మళ్ళీ పన్నెండు గంటల తర్వాత తన కక్ష్యలో అవతలి పక్కకి చేరాక ఇంకో ఏడు. డెల్ఫీనా చదువుతోంది, ఒకటి, బాగుంది, రెండు, బాగుంది, వేగం సరిగ్గా ఉంది, మూడు, నా పెదవులు కూడా కదులుతున్నాయి, నాలుగు, పాట్రిస్ కుర్చీ వీపు పట్టుకుని ముందుకి వంగాడు, ఎంతైనా ఇంజనీరే, ఐదు. ఐదు దాటాక పీడనం అంకె ఒక్కసారి కింద పడి మళ్ళీ లేచింది. బుడగ. ఇంధనంతో పాటు గాలి వస్తోంది, తొట్టి అడుగు గీకుతోంది. ముగ్గురం చూశాం. ‘తొమ్మిది ఉంటే బుడగ రాదు’ అంది డెల్ఫీనా, ఈసారి నిజంగానే గుసగుసగా. ఆరు. మళ్ళీ బుడగ. నేను కడుపులో మా పిల్ల తన్నినప్పుడు పట్టుకున్నట్టు బల్ల అంచు పట్టుకున్నాను. ఏడు. ఆగింది, తనంతట తనే, చెప్పిన క్షణానికి. ‘పూర్తయింది’ అంది డెల్ఫీనా, ‘మొదటిది పూర్తయింది, తల్లీ, వెళ్తోంది, పడమరకి జరుగుతోంది చూడు.’ రెండోదానికి చాలుతుందా అని ఎవరూ అడగలేదు. చాలొచ్చు. నా లెక్కన చాలాలి. ఇప్పుడు కనీసం పోరాడటానికి దానికేదో ఉంది.

పాట్రిస్ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. చాలాసేపు ఆ బుడగ పడిన చోటే చూశాడు. ‘అయితే ఆరున్నరేనన్నమాట’ అన్నాడు. ‘అంతే.’ ‘నేను పైవాళ్ళకి తొమ్మిదని రాశాను.’ ‘తెలుసు.’ గొంతు తగ్గించి, ‘ఒడిల్, నా మాట విను’ అన్నాడు, మర్యాద దిగిపోయింది, మళ్ళీ మామూలు మనిషి అయ్యాడు, ‘లాగ్‌లో కాగితం పదకొండూ ముప్ఫై ఎనిమిదికి అందిందని రాయి. అప్పటికే సూర్యుడు అడ్డున్నాడు, ఆజ్ఞలు పంపకూడదని రూలు, ఎవరూ ఏమీ చెయ్యగలిగేది లేదు. నువ్వు కాదనలేదు, నేను బలవంతపెట్టలేదు. నీ పద్దెనిమిది నెలలు నీకుంటాయి. డెల్ఫీనా ఏమీ చూళ్ళేదు.’ ‘నేను చాలా చూశాను’ అంది డెల్ఫీనా, ‘కానీ మర్చిపోవడం కూడా వచ్చు, అది ఒడిల్ చెప్పాలి.’

మంచి మాటే. దయతో అన్నాడు, తనకోసం కూడా అనుకోండి, అయినా దయే. సూర్యుడికి ఒక మచ్చ ఎక్కువైతే ఏం పోతుంది, ఆయనకి ఉన్నవి చాలవా. ఇంటికెళ్ళి సూపు తాగొచ్చు, ఫెర్నాన్‌కి ఏమీ చెప్పక్కర్లేదు, పద్దెనిమిది నెలల తర్వాత కేకు కోస్తారు. కానీ అలా రాస్తే, ఇంకో పదేళ్ళకి ఇంకో ముసలిదాని ముందు ఇలాంటి కాగితమే పెట్టినప్పుడు, ఆ కుర్చీలో ఉన్న పిల్ల పాత లాగ్‌లు తిరగేస్తుంది, అందరూ తిరగేస్తారు, నేనూ తిరగేశాను, ఎవరైనా ఎప్పుడైనా పెట్టనన్నారా అని వెతుకుతుంది, ఆమెకి దొరికేది వాతావరణం. ఒక్క మనిషి కూడా దొరకదు.

లాగ్ బుక్కు దగ్గరకి లాక్కున్నాను. మా దగ్గర ఇదొక్కటే ఇంకా చేత్తో రాస్తాం, పేజీలకి నంబర్లు, కొట్టివేతలు చెల్లవు. అతని పెన్నుతోనే రాశాను, బాగా రాస్తుంది, ఖరీదైనదే అయి ఉంటుంది. 11.20, ఎత్తడం ఆపమని కాగితం అందింది. ఆపడానికి 11.37 వరకు సమయం ఉంది. రెండు పనులకీ ఇంధనం చాలదు కనుక సంతకం పెట్టలేదు. 12.07, మొదటి మండింపు పూర్తి. ఒడిల్ మాజెరూస్.

‘ఇది చెరపడం కుదరదు, తెలుసు కదా’ అన్నాడు పాట్రిస్.

‘తెలుసు’ అన్నాను. పుస్తకం అతని వైపు తిప్పి, పక్క గడి చూపించి, పెన్ను అతని ముందు పెట్టాను. ‘చదివినట్టు డైరెక్టరు సంతకం ఇక్కడ. తొందరేం లేదు, రెండో మండింపుకి ఇంకా పన్నెండు గంటలుంది.’